రిలే గుయ్‌మంటోంది కానీ షాక్ రావట్లేదు, ఎక్కడ తేడా?

#1 తీగలాట
అందరికీ నమస్కారం. సైన్స్ ఎగ్జిబిషన్ కోసం తీగ ఆట చేస్తున్నాం. వంకరలు తిరిగిన లావుపాటి తీగ ఒకటి ఉంటుంది, రింగు దానికి తగలకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి తీసుకెళ్లాలి. తగిలితే మామూలుగా బజర్ మోగుతుంది. దాంతో పాటు చేతికి చిన్నగా జివ్వుమనిపిస్తే ఆట ఇంకా రంజుగా ఉంటుందని మా బ్యాచ్ ఆలోచన.

6 వోల్టుల రిలే (విద్యుదయస్కాంతంతో నడిచే స్విచ్) తీసుకుని, దాని ఎన్‌సీ కాంటాక్ట్ (మామూలప్పుడు మూసి ఉండి, రిలే లాగగానే తెరుచుకునేది) ద్వారానే దాని కాయిల్‌కి కరెంట్ ఇచ్చాను. నాలుగు పెన్సిల్ సెల్స్. రిలే గుయ్‌మని బాగానే కొట్టుకుంటోంది. కాయిల్ రెండు చివర్ల నుంచి తీగలు తీసి వేళ్లతో పట్టుకుంటే మాత్రం ఏమీ తెలియట్లేదు. మల్టీమీటర్ పెడితే మూడు, నాలుగు వోల్టులు చూపిస్తోంది. ఏం చేయాలి?

#2 స్పార్క్_సీను
ఆ రిలే గోల వదిలెయ్ బ్రో. పాత ఫిల్మ్ కెమెరా ఫ్లాష్ బోర్డు దొరికితే చాలు. కెపాసిటర్‌కి రెండు వైర్లు వేసి పట్టుకో. అదీ షాక్ అంటే.

#3 రిలే_రంగడు
సీనూ, ఆ సలహా ఎవరైనా నిజంగా పాటిస్తే ఏమవుతుందో ముందు లెక్క చూడు. ఫ్లాష్ కెపాసిటర్ అంటే సుమారు 120 మైక్రోఫారడ్లు, 300 వోల్టులు. కెపాసిటెన్స్‌లో సగాన్ని వోల్టేజి వర్గంతో గుణిస్తే 5.4 జౌళ్లు వస్తాయి. అదంతా ఒక్క దెబ్బలో చేతిలోంచి పోతుంది. వేలు కాలుతుంది. రెండు చేతుల మధ్య పడితే అది గుండె మీదుగానే వెళ్తుంది. పైగా బోర్డు ఆఫ్ చేసి పక్కన పెట్టినా ఆ చార్జ్ చాలాసేపు లోపలే ఉంటుంది. ఎగ్జిబిషన్‌లో పిల్లల చేతికి ఇచ్చే వస్తువు కాదు.

తీగలాటా, నీ సర్క్యూట్ దాదాపు సరిగ్గానే ఉంది. ఒక్కటి చెప్పు, కాయిల్‌కి అడ్డంగా డయోడ్ (కరెంట్‌ని ఒక వైపే పోనిచ్చే భాగం) ఏమైనా పెట్టావా?

#4 తీగలాట
పెట్టానన్నా. 1ఎన్4007. రిలే ఉన్నచోటల్లా డయోడ్ తప్పనిసరి అని ఎక్కడ చూసినా రాశారుగా!

#5 రిలే_రంగడు
వాళ్లు రాసింది వాళ్ల అవసరానికి. ట్రాన్సిస్టర్‌తో రిలే నడిపేటప్పుడు, కాయిల్ ఆగిన క్షణంలో పుట్టే వోల్టేజి దెబ్బకి ట్రాన్సిస్టర్ చచ్చిపోకుండా ఆ డయోడ్ కాపాడుతుంది. నీకు కావలసింది ఆ దెబ్బే. దాన్ని డయోడ్ ఒక వోల్టు దగ్గరే మింగేస్తోంది. నీ వేళ్ల దాకా ఏం మిగులుతుంది?

డయోడ్ తీసెయ్. కానీ తీసేసి వెంటనే పట్టుకోకు. ముందు టెస్టర్ స్క్రూడ్రైవర్‌లో ఉండే నియాన్ బల్బు, దాని రెసిస్టర్‌తో సహా, కాయిల్‌కి అడ్డంగా పెట్టి చూడు. నియాన్ వెలగాలంటే 60, 70 వోల్టులు దాటాలి. అది ఎర్రగా మిణుకుమిణుకుమంటే పని జరుగుతున్నట్టే. మల్టీమీటర్‌ని ఇక్కడ నమ్మకు. ఈ పల్స్ ఒక్కోటి సెకనులో పదివేలో వంతు కూడా ఉండకపోవచ్చు, మీటర్ సగటు తీసి ఏదో ఒక అంకె చూపిస్తుంది.

#6 సగంవోల్టు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాలుగు సెల్స్ పెడితే 6 వోల్టులు. అందులోంచి వందల వోల్టులు ఎలా వస్తాయి? ఊరికే రాదు కదా. ఇంకో మాట, 300 వోల్టులంటే కెమెరాది ప్రమాదం, రిలేది కాదా? ఈ రెండూ నాకు పొసగడం లేదు.

#7 పాతరేడియో
మొదటి ప్రశ్నకి నేను జవాబిస్తాను, రెండోది రంగడికి వదిలేస్తున్నా.

కాయిల్‌లో కరెంట్ పారుతున్నప్పుడు దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది, అందులో కొంత శక్తి దాగి ఉంటుంది. కాంటాక్ట్ విడిపోగానే కరెంట్‌కి దారి తెగిపోతుంది. కానీ కాయిల్ కరెంట్‌ని ఒక్కసారిగా ఆగనివ్వదు. క్షేత్రం కుప్పకూలుతూ, ఏదో ఒక దారి దొరికేదాకా వోల్టేజిని పెంచుకుంటూ పోతుంది. నిదానంగా నిండిన శక్తి రెప్పపాటు కన్నా చాలా తక్కువ సమయంలో బయటికి రావాలి కాబట్టి వోల్టేజి పెరుగుతుంది. శక్తి మాత్రం ఇసుమంత కూడా పెరగదు.

ఇది కొత్త విషయం కాదు. విలియం జెన్కిన్ అనే ఆయన ఒకటి గమనించి ఫారడేకి చెప్పాడు. ఒకే ఒక్క జత లోహపు పలకల బ్యాటరీకి పొట్టి తీగ కలిపి చేతులతో పట్టుకుంటే ఏం చేసినా షాక్ రాదు. విద్యుదయస్కాంతం చుట్టూ చుట్టిన తీగను కలిపితే మాత్రం, బ్యాటరీ నుంచి విడదీసిన ప్రతిసారీ షాక్ తగులుతుంది. అది పట్టుకునే ఫారడే 1834లో స్వయంప్రేరణ మీద వరసగా ప్రయోగాలు చేశాడు. అమెరికాలో జోసెఫ్ హెన్రీ అంతకుముందే 1832లో ఇదే సంగతి ప్రచురించాడు. అంటే తీగలాట టేబుల్ మీదున్నది జెన్కిన్ ప్రయోగమే. విడదీసే పని చేతికి బదులు రిలే చేస్తోంది, అంతే.

చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ వెలిగేదీ ఇలాగే. స్టార్టర్ తెరుచుకోగానే చోక్ తన్నిన తన్నుకి ట్యూబ్ అంటుకుంటుంది. ముల్లు మీటర్‌ని తక్కువ ఓమ్స్ రేంజిలో పెట్టి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టను కొలుస్తూ, రెండు ప్రోబ్‌ల కొసలనూ వేళ్లతో పట్టుకుని ఒకటి లాగి చూడండి. రిపేరు పని చేసిన ప్రతివాడూ ఆ చురుకు ఎప్పుడో ఒకప్పుడు తిన్నవాడే.

#8 రిలే_రంగడు
ఇక రెండో ప్రశ్న. సగంవోల్టు గారు సరైన చోటే పట్టుకున్నారు. వోల్టేజి ఒక్కటే చూస్తే రెండింటికీ తేడా కనబడదు. దాని వెనక ఎంత సరుకుందో చూడాలి.

ఇలాంటి చిన్న 6 వోల్టుల రిలే కాయిల్ రెసిస్టెన్స్ 100 ఓమ్‌ల చుట్టూ ఉంటుంది. అంటే 60 మిల్లీ ఆంపియర్లు. ఇండక్టెన్స్ (కరెంట్ మారకుండా కాయిల్ అడ్డుకునే గుణం) రిలేని బట్టి మారుతుంది, లెక్క కోసం 0.2 హెన్రీ అనుకుందాం. ఇండక్టెన్స్‌లో సగాన్ని కరెంట్ వర్గంతో గుణిస్తే 0.36 మిల్లీజౌళ్లు. కెమెరా కెపాసిటర్‌లో ఉన్నదానిలో పదిహేను వేలో వంతు.

పోలికకి ఇంకోటి. పొడి గాలిలో కార్పెట్ మీద నడిచి తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కుమంటుంది చూడండి, అప్పుడు ఒంటి మీద 10,000 వోల్టులు ఉండొచ్చు. శరీరం కెపాసిటెన్స్ సుమారు 100 పికోఫారడ్లు. లెక్కేస్తే 5 మిల్లీజౌళ్లు. రిలే ఒక్క దెబ్బ కన్నా ఆ తలుపు పిడే పది రెట్లు ఎక్కువ కొడుతుంది. అయితే తలుపు పిడి ఒక్కసారే కొడుతుంది, రిలే సెకనుకి వంద చొప్పున కొడుతూనే ఉంటుంది. ఆ సంగతికి మళ్లీ వద్దాం.

ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఇంకొకటుంది. కాంటాక్ట్ విడిపోయిన క్షణంలో కాయిల్ కరెంట్ 60 మిల్లీ ఆంపియర్ల నుంచి తగ్గడమే తప్ప పెరగడం ఉండదు. కాబట్టి చెయ్యి తడిగా ఉన్నా, పొడిగా ఉన్నా, పట్టుకున్నవాడిలోంచి అంతకు మించి పోదు. అదీ సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపు. గరిష్ఠం ఇంత అని ముందే చెప్పగలిగిన సర్క్యూట్ ఇది.

#9 తీగలాట
డయోడ్ తీసేశా. నియాన్ వెలిగింది. పట్టుకున్నా. అమ్మో! చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేసింది. మావాళ్లు పడీ పడీ నవ్వుతున్నారు. కానీ ఇది చిన్నగా జివ్వుమనడం కాదన్నా, గట్టిగానే ఉంది. తగ్గించడం ఎలా? 6 బదులు 3 వోల్టులు ఇస్తే రిలే కదలట్లేదు.

#10 రిలే_రంగడు
సెల్స్ తగ్గించకు. రిలే లాగాలంటే చాలావరకు తన వోల్టేజిలో ముప్పాతిక వంతైనా ఉండాలి.

కాయిల్‌కి అడ్డంగా, ఇందాక డయోడ్ ఉన్నచోటే, రెసిస్టర్ పెట్టు. కాంటాక్ట్ తెరుచుకోగానే ఆ 60 మిల్లీ ఆంపియర్లు దానిలోంచి పోతాయి. 1 కిలోఓమ్ పెడితే 60 వోల్టులకి మించి లేవదు. 2.2 కిలోఓమ్ పెడితే 130 దగ్గర ఆగుతుంది. ఓమ్ సూత్రం, అంతే. నేనైతే 1 కిలోఓమ్ రెసిస్టర్, దానికి సీరీస్‌లో 5 కిలోఓమ్ పాట్ (నాబ్ తిప్పితే విలువ మారే రెసిస్టర్) పెడతాను. నాబ్ తిప్పితే 60 నుంచి 300 దాకా నీ ఇష్టం. లెక్క ప్రకారం 360 రావాలి కానీ, విడిపోతున్న కాంటాక్ట్‌ల మధ్య 300 దాటాక నిప్పురవ్వ లేచి మిగతాది అక్కడే తినేస్తుంది.

దీంతో పాటు చేతికెళ్లే రెండు తీగల్లో ఒకదానిలో 10 కిలోఓమ్ సీరీస్‌లో పెట్టు. ఎప్పుడైనా ఆ పాట్ సోల్డర్ ఊడి వోల్టేజి పైకి లేచినా, ఈ 10 కిలోఓమ్ ఉన్నంతవరకు 30 మిల్లీ ఆంపియర్లు దాటదు, అదీ లిప్తపాటు. ఇదే తెగిపోతే అసలు షాకే రాదు. రెండిట్లో ఏది పోయినా ఆడేవాడికి నష్టం లేదు.

#11 బయోమెడ్_వాణి
నేను ఆసుపత్రి పరికరాల పనిలో ఉన్నాను. రంగడు గారి లెక్కలతో నాకు పేచీ లేదు. కాకపోతే సర్క్యూట్ గురించే మాట్లాడుకుంటున్నాం, చెయ్యి గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

కరెంట్ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతే దారిలో ఛాతీ ఉంటుంది. అందుకని రెండు రేకులూ ఒకే చేతికి తగిలేలా పెట్టండి. మీ ఆటలో ఇది తేలిక. రింగు పట్టుకునే పిడికి అల్యూమినియం ఫాయిల్ పట్టీలు రెండు, మధ్యలో వేలెడు ఎడం ఉంచి అతికించండి. ఆడేవాడి రెండో చెయ్యి వెనక్కి పెట్టించండి, ఆట కూడా కష్టమవుతుంది. తల, మెడ, ఛాతీ దగ్గరికి ఈ తీగలు సరదాకి కూడా వెళ్లకూడదు.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, మూర్ఛ వచ్చేవాళ్లు, గర్భిణులు ఈ ఆట ఆడకూడదు. షాక్ ఎంత చిన్నదైనా సరే. బోర్డు మీద పెద్దక్షరాలతో "ఇది షాక్ కొడుతుంది" అని రాయండి. తెలియకుండా కొట్టించి నవ్వుకోవడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. షాక్ కన్నా ఉలికిపాటే ఎక్కువ దెబ్బలు తగిలిస్తుంది. మోచెయ్యి వెనకవాడి మూతికి తగలొచ్చు, టేబుల్ పడొచ్చు.

#12 స్పార్క్_సీను
చెప్పకుండా కొట్టిస్తేనే కదా వాణి గారూ మజా! చెప్పాక ఇంకేముంది. అయినా సెల్స్ ఊరికే అయిపోతాయి. అడాప్టర్ పెట్టుకుంటే పోలా? లేదంటే మెయిన్స్ నుంచే పెద్ద రెసిస్టర్ ఒకటి వేస్తే ఏ రిలే అక్కర్లేదు, కరెంట్ ఎంత కావాలంటే అంత.

#13 సగంవోల్టు
చెప్పాక మజా పోతుందన్నది నేను ఒప్పుకోను. షాక్ ఉందని తెలిస్తే చెయ్యి ఇంకా వణుకుతుంది. తీగ ఆటకి కావలసిందే ఆ టెన్షన్.

#14 రిలే_రంగడు
సగంవోల్టు గారితో ఏకీభవిస్తున్నా.

సీనూ, మెయిన్స్ మాట ఈ చర్చలో మళ్లీ వద్దు. కారణం చెప్తా విను. బ్యాటరీకి నేలతో సంబంధం లేదు. రెండు రేకులూ ముట్టుకుంటేనే దారి పూర్తవుతుంది. మెయిన్స్‌లో ఒక కొస ఎప్పుడూ ఎర్త్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి, ఒక్క తీగ ముట్టుకున్నా కాళ్ల గుండా నేలలోకి దారి దొరుకుతుంది. నువ్వు ఒకే చేతికి రేకులు పెట్టినా అది లెక్కచేయదు. ఆ పెద్ద రెసిస్టర్ మీద తేమ చేరినా, దాని కాళ్లు పక్క తీగకి తగిలినా, పూర్తి వోల్టేజి చేతిలో ఉంటుంది. ఇక్కడ ఆగిపోయే పల్స్ లేదు, సెకనుకి 100 సార్లు దిశ మార్చుకుంటూ పారుతూనే ఉంటుంది. సుమారు 1 మిల్లీ ఆంపియర్ దగ్గర తెలుస్తుంది, 10 దగ్గర కండరాలు బిగుసుకుని పట్టు వదల్లేవు. ఇళ్లలో ఆర్‌సీసీబీని (కరెంట్ లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) 30 దగ్గర పడిపోయేలా పెట్టేది ఎందుకనుకున్నావ్? అంతకు మించి కాసేపు పారితే గుండె లయ తప్పొచ్చు.

అడాప్టర్ కూడా వద్దు. లోపల ఇన్సులేషన్ పోయిన చవకబారు అడాప్టర్ బయటికి చూస్తే మంచిదానిలాగే ఉంటుంది. నాలుగు సెల్స్ ఒక రోజు ఎగ్జిబిషన్‌కి హాయిగా సరిపోతాయి.

అలాగే ట్రాన్స్‌ఫార్మర్ తిరగేసి పెద్ద 12 వోల్టుల లెడ్ బ్యాటరీతో నడిపే పథకాలు, బైకు ఇగ్నిషన్ కాయిల్ పథకాలు కూడా వస్తాయని తెలుసు. అవి చూడ్డానికి ఇలాగే ఉంటాయి, వెనకున్న సరుకే వేరు. మొదటిది ఇన్వర్టర్. ఇన్వర్టర్ షాక్‌కీ మెయిన్స్ షాక్‌కీ ఒంటికి తేడా తెలియదు.

#15 తీగలాట
అర్థమైంది. సెల్సే వాడతాం. పాట్, 10 కిలోఓమ్ పెట్టాం, ఇప్పుడు సరిగ్గా కావలసినంతే ఉంది. ఒక అనుమానం. ఎవరైనా రింగుని తీగకి ఆనించి అలాగే ఉంచేస్తే? గుయ్‌మంటూనే ఉంటుంది కదా. పిల్లలు కావాలనే అలా చేస్తారు.

#16 సగంవోల్టు
దీనికి నాకో ఉపాయం తోచింది, తప్పైతే రంగడు గారు సరిచేయండి. రిలేకి సెల్స్ నేరుగా ఇవ్వకుండా మధ్యలో పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ పెడితే? సెల్స్ 1 కిలోఓమ్ రెసిస్టర్ గుండా దాన్ని నింపుతుంటాయి. రింగు తగిలినప్పుడు రిలే కెపాసిటర్ నుంచి తాగుతుంది. అది ఖాళీ అయ్యాక 1 కిలోఓమ్ గుండా వచ్చే 6 మిల్లీ ఆంపియర్లతో రిలే లేవదు. అంటే ఒక్క చిన్న "గుయ్" అని ఆగిపోవాలి.

#17 రిలే_రంగడు
దివ్యంగా ఉంది. విలువలు చూద్దాం. 1000 మైక్రోఫారడ్లు అయితే మరీ పొట్టిగా అయిపోతుంది, ఎందుకంటే 6 నుంచి 4.5 వోల్టులకి పడేసరికే రిలే మానేస్తుంది. 4700 మైక్రోఫారడ్లు, 16 వోల్టులది పెట్టు. షాక్ పావు సెకను చుట్టూ ఉంటుంది. మళ్లీ కొట్టేంతగా నిండటానికి ఐదారు సెకన్లు. ఈలోపు రింగు ఆనించే ఉంచితే అసలు నిండదు, షాక్ రాదు, కాబట్టి మొండిగా ఆనించేవాడికి ఏమీ దక్కదు. కెపాసిటర్‌ని ప్లస్ మైనస్ చూసి పెట్టు. బజర్ మాత్రం విడిగా, నేరుగా సెల్స్ నుంచే ఇవ్వు, అది మోగుతూనే ఉండాలి. బజర్ కరెంట్ రిలే వైపు కలవకుండా రింగు తీగ నుంచి వచ్చే దారి సెల్స్ మైనస్ వైపు ఉంచు. అప్పుడు బజర్, కాయిల్ రెండూ తమ తమ ప్లస్‌లు వేరుగా తీసుకుంటాయి.

రింగు మీద, వంకర తీగ మీద ఎక్కడా 6 వోల్టులకి మించి లేకుండా చూసుకో. హై వోల్టేజి ఆ రెండు ఫాయిల్ పట్టీల మధ్యే ఉండాలి. రింగు లోహం, పిడి మీది ఫాయిల్ ఎక్కడా తాకకూడదు.

#18 పాతరేడియో
పావు సెకను అనగానే నవ్వొచ్చింది. 1746లో ఫ్రాన్స్‌లో నోలే అనే శాస్త్రవేత్త రాజు ముందు 180 మంది సైనికులను చేతులు పట్టించి నిలబెట్టి, లైడెన్ జాడీ (తొలినాటి కెపాసిటర్) చార్జ్‌ని వాళ్ల గుండా వదిలాడు. అందరూ ఒక్కసారే ఎగిరిపడ్డారు. సీను ఆ కాలంలో పుట్టాల్సినవాడు.

#19 స్పార్క్_సీను
180 మందా!! తాతా మీరు పాయింట్ నా వైపే వేశారు.

#20 బయోమెడ్_వాణి
ఆ సైనికులను ఎవరూ అడగలేదు సీను గారూ. అదే నా బాధ.

#21 తీగలాట
పూర్తయింది. కెపాసిటర్ పెట్టాక భలే ఉంది, "టర్ర్" అని కొట్టి ఊరుకుంటుంది. ఇంకో వింత. ఒకే సెట్టింగ్‌లో కొందరు కేక పెడుతున్నారు, కొందరు "ఏదీ, రాలేదే" అంటున్నారు. మా మేడమ్‌కైతే అస్సలు తెలియలేదు.

#22 బయోమెడ్_వాణి
చర్మమే కారణం. పొడిగా, గట్టిపడిన చర్మం రెసిస్టెన్స్ లక్ష ఓమ్‌ల దాకా ఉండొచ్చు. అదే చెమట పట్టినా, నీళ్లు తగిలినా బాగా పడిపోతుంది. చర్మం దాటాక శరీరం లోపల ఉండేది కొన్ని వందల ఓమ్‌లే. ఎంత గట్టిగా పట్టుకున్నారు, ఎంత ఫాయిల్ తగిలిందన్నదీ లెక్కే. వేలి కొనతో తాకితే ఒక్క చుక్క దగ్గర సూదిలా గుచ్చుకుంటుంది, పిడికిలితో పట్టుకుంటే పరుచుకుని తిమ్మిరిలా అనిపిస్తుంది. వణుకుతూ వేళ్లతో పట్టుకున్నవాళ్లకే ఎక్కువ తగులుతుంది.

కాబట్టి తెలియనివాళ్ల కోసం నాబ్ పెంచకండి. చెమట చేతులవాళ్లకి తగ్గట్టు పెట్టి అక్కడే వదిలేయండి. నాబ్ పెట్టె లోపల ఉంటే ఇంకా మంచిది, లేదంటే సీను గారి లాంటివాళ్లు వచ్చి తిప్పేస్తారు.

#23 రిలే_రంగడు
కాంటాక్ట్‌ల దగ్గర ప్రతిసారీ నిప్పురవ్వ లేస్తుంది కాబట్టి సాయంత్రానికి అవి నల్లబడొచ్చు. గుయ్ శబ్దం తడబడితే అదే కారణం. అదే రకం రిలే ఇంకోటి దగ్గర పెట్టుకో, సాకెట్ మీద బిగించావంటే మార్చడం నిమిషం పని.

#24 తీగలాట
సాకెట్ మీదే పెట్టాను అన్నా. నాబ్‌ని కూడా పెట్టె లోపలికి పంపేశాం. షాక్ వద్దనేవాళ్ల కోసం ఫాయిల్ తీగలకి కరెంట్ ఆపే స్విచ్ ఒకటి పక్కన పెట్టాం, బజర్ మాత్రం మోగుతుంది. చిన్నపిల్లలు వస్తే అది ఆఫ్‌లోనే ఉంటుంది. పాత లెక్కలన్నీ చార్ట్ మీద రాస్తున్నా, 0.36 మిల్లీజౌళ్లది, తలుపు పిడిది రెండూ.

#25 సగంవోల్టు
చార్ట్‌లో 0.2 హెన్రీ అనేది అనుకున్న విలువ అని రాయండి. న్యాయనిర్ణేతల్లో ఎవరైనా ఎల్‌సీఆర్ మీటర్ (ఇండక్టెన్స్ కొలిచేది) తీశారంటే దొరికిపోతారు.